నిదానంగా తీసుకునే మిషన్

ఈ దేశంలోనైనా పక్క దేశంలోనైనా పేకాట మిషన్లు పెట్టిన కాసినో ఏ ఊళ్లో ఉన్నా సరే, గుమ్మంలోంచి ఒకసారి తొంగి చూసి అక్కడ కూర్చోవచ్చో లేదో చాయ చల్లారేలోపు చెప్పేయగల మనిషి మొత్తం వరంగల్‌లో నేనొక్కడినే. గోవా నాకు పెరడు లాంటిది. గ్యాంగ్‌టక్‌లో నేను మెట్లెక్కుతుంటే వాచ్‌మన్ లేచి నిలబడేవాడు. ఖాట్మండులో నేను వస్తున్నానని తెలిస్తే మిషన్ల మీద దుమ్ము దులిపించేవారు. నాతో పాటు పొద్దున్నే నడకకు వచ్చే రిటైరైన పెద్దమనుషులకు ఈ సంగతులు ఎన్నిసార్లు చెప్పానంటే, వాళ్లలో ఒకాయన ఇప్పుడు నన్ను చూడగానే ‘నమస్తే కాసినో సాబ్’ అంటాడు. నేను చెయ్యెత్తి అందుకుంటాను.

నేను చూసే మిషన్ ఒక్కటే రకం. వీడియో పోకర్ అంటారు. టీవీ లాంటి తెర మీద అయిదు ముక్కలు పడతాయి. కావలసినవి ఉంచుకుని మిగతావి పారేస్తే వాటి బదులు కొత్తవి ఇస్తుంది. ఒక్కసారే, మళ్లీ అడిగితే ఇవ్వదు. జాకీల జత గానీ అంతకన్నా పెద్ద జత గానీ చేతిలో ఉంటే మనం పెట్టింది మనకు వస్తుంది. ఇంకా బాగా కలిస్తే ఇంకా ఎక్కువ. ఎంత ఎక్కువ అన్నది ఆ తెర మీదే పట్టికలా రాసి ఉంటుంది. దాన్ని చదివేవాడు లక్షకొకడు. మూడు ఒక రకం, రెండు ఒక రకం కలిస్తే ఫుల్ హౌస్. అయిదూ ఇస్పేట్లో, అయిదూ ఆఠీన్లో అయితే ఫ్లష్. ఫుల్ హౌస్‌కు తొమ్మిదింతలు, ఫ్లష్‌కు ఆరింతలు అని ఉంటే నిశ్చింతగా కూర్చోండి. ఎనిమిది, అయిదు అని ఉంటే మోకాళ్లు నొప్పిగా ఉంటేనే కూర్చోండి. అంతకన్నా తక్కువైతే బయటికి వెళ్లి సముద్రం చూసుకోండి, దానికి టికెట్ లేదు. ఇందులో మోసమేమీ లేదు, అంతా కళ్లెదుటే రాసి ఉంటుంది. కానీ రెండు మిషన్లు పక్కపక్కనే ఉంటాయి, అదే పెట్టె, అదే పాట, అవే లైట్లు, ఒకటి తొమ్మిది ఇస్తుంది, ఒకటి ఏడు ఇస్తుంది.

మంచి మిషన్ అంటే డబ్బులు ఇచ్చేదని అనుకునేరు. అలాంటిది ఎవడూ తయారు చేయలేదు. మంచి మిషన్ మన డబ్బులు నిదానంగా తీసుకుంటుంది. చిన్న పందెంతో, ఒక మధ్యాహ్నమంతా, మనల్ని తొందర పెట్టకుండా, మర్యాదగా తీసుకుంటుంది. నాకు కావలసింది అదే. ఒక మధ్యాహ్నం.

ఇక్కడ కాస్త ఆగి ఒక మాట చెప్పాలి. గ్యాంగ్‌టక్ నేను చూడలేదు. ఖాట్మండు సంగతి నాతో పని చేసిన ఒక గార్డు చెప్పగా విన్నది. అతడు కూడా ఎవరో చెప్పగా విన్నాడనే నాకు అనుమానం. గోవాకు మాత్రం వెళ్లాను. రెండుసార్లు. మొదటిసారి మిషన్ వెతకడానికి, రెండోసారి మా అక్కను దాని ముందు కూర్చోబెట్టడానికి. నా కాసినోల అనుభవం మొత్తం ఇంతే. మిగతాది నడకలో పెరిగింది.

నేను కాజీపేటలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాను. మా బావ అక్కడే డ్రైవరు. రైల్వే క్వార్టర్లలో మా రెండిళ్లకూ వెనక గోడ ఒకటే. బండ్ల మీద పోయేవాళ్లకు వేళాపాళా ఉండదు కనుక బావా నేనూ ఒకే పూట ఇంట్లో దొరకడమే పండుగ. దొరికితే చాప పరిచేవాళ్లం. నలుగురం, మా అక్క, బావ, నేను, నా భార్య. రమ్మీ. పందేనికి చింతగింజలు. చింతగింజల కోసం మేము చేసుకున్న లొల్లి విని పక్క క్వార్టర్ల వాళ్లు ఆస్తి తగాదా అనుకునేవారు. బావ ఓడిపోతే గింజలు లెక్క తప్పాయని మళ్లీ పోయించేవాడు. అక్క ముక్కలు కలుపుతూనే అందరినీ తిట్టేది.

రమ్మీలో మనం పారేసిన ముక్క మన తర్వాత కూర్చున్నవాళ్లు ఎత్తుకోవచ్చు. నా తర్వాత నా భార్య కూర్చునేది. పెళ్లయి వచ్చేదాకా ఆమెకు పేకాట తెలియదు, మా అక్కే నేర్పింది. ఆమెకు ఏ ముక్క కావాలో ఆమె ఎత్తేదాన్నీ వేసేదాన్నీ బట్టి నేను పసిగట్టేవాణ్ణి. నా చేతిలో ఉంటే, నాకు అవసరమైనా సరే, ఏమీ ఎరగనట్టు వేసేసేవాణ్ణి. ఆమె ఎత్తుకునేది. ముక్కలన్నీ కలిసి షో చూపించేది. గింజలు ఒడిలోకి లాక్కుని నా వైపు చూసి నవ్వేది. అన్నేళ్లూ ఆమెను నేనే గెలిపించాను, ఆ సంగతి ఆమెకు చివరిదాకా తెలియదు. నా జీవితంలో నేను చేసిన పనుల్లో గొప్పగా చెప్పుకోదగింది ఇదొక్కటే.

బావ పోయాక ముగ్గురం ఆడాం. చాప ఒక పక్క ఖాళీగా ఉండేది, అటు కాళ్లు చాపుకునేవాళ్లం. ఆ తర్వాత నా భార్య పోయింది. అక్క ఆ పేక పత్తాలను గుడ్డలో కట్టి అటక మీదకు తోసేసింది. నేను కొన్ని నెలలు ఓపిక పట్టి ఒకరోజు అడిగాను.

“అక్కా, ఇద్దరం ఆడుకుందామా?”

“ఇద్దరం కూసుంటే ఆ రెండు జాగలు మొఖం మీద కొడ్తయిరా. నాతోని కాదు. నువ్వు టీవీ జూస్కో.”

ఆమె అన్నది అబద్ధం కాదు. కానీ నాకు ఆడాలని ఉంది. ఎవరితోనైనా కాదు. ఊళ్లో ఆటగాళ్లకు కొదవ లేదు, పోలీసులు రాని ఇళ్లూ ఉన్నాయి. నాకు మా అక్క చేతిలో ముక్కలు చూడాలని ఉంది. పట్టుకోవడంలో ఆమెకో తీరు ఉంది. ముక్కలను విసనకర్రలా విప్పదు. దగ్గరగా మూసి, బొటనవేలితో ఒక్కొక్క కొస మాత్రం జరిపి చూసుకుంటుంది. బావ ఉన్నప్పుడు కూడా అంతే, పోయాక కూడా అంతే. అది చూస్తూ కూర్చుంటే తక్కినవాళ్లు చాయ పెట్టడానికి లోపలికి వెళ్లారేమో అనిపించేది నాకు.

అప్పుడు తట్టింది ఈ మిషన్ సంగతి. మిషన్‌కు చాప లేదు, ఖాళీ జాగాలు లేవు. ఒక కుర్చీ, ఒక తెర. పక్కపక్కనే రెండు కుర్చీలు దొరికితే అక్క ఒకదాని ముందు, నేనొకదాని ముందు. ఎవరూ లేరన్న లోటు కనిపించదు. నాకు నా పాసు ఉంది, అక్కకు బావ మీద వచ్చే పాసు ఉంది. రైలు కిరాయి లేదు. ముందు నేనొక్కడినే గోవా వెళ్లి చూసి వచ్చాను.

నది మీద నిలిపిన పడవల్లోకి వెళితే చెవులు పోయే పాటలు, డ్యాన్సులు, పెద్ద పందేలు. మిషన్ల పట్టిక చూస్తే ఏడు, అయిదు. వెళ్లినంత వేగంగా దిగి వచ్చాను. రెండు మూడు హోటళ్లు తిరిగాను. చివరికి ఒక పాత హోటల్లో, కింది అంతస్తు హాలు చివర, బాత్‌రూముకు పోయే దారిలో, ఎవరూ పట్టించుకోని రెండు పాత మిషన్లు కనబడ్డాయి. ఒకటి తొమ్మిది–ఆరు. పక్కది ఎనిమిది–అయిదు. పందెం ఆ హాల్లోకెల్లా తక్కువ. దాని ముందు నిలబడి, చాలా రోజుల తర్వాత ఇంటి తాళం తీసినవాడిలా సంతోషపడ్డాను. మంచిది అక్కకు, రెండోది నాకు అని అక్కడే పంచేశాను.

అక్కతో మాత్రం సముద్రం చూద్దాం, పెద్ద చర్చి చూద్దాం అని చెప్పాను.

“చర్చి కాజీపేటల లేదారా?” అంది. అయినా సంచి సర్దుకుంది.

హాలు గుమ్మం దగ్గర మెత్తటి తివాచీ చూసి అక్క చెప్పులు విడవబోయింది. “పర్వాలేదమ్మా” అన్నట్టు తలుపు దగ్గరి అమ్మాయి సైగ చేసింది. ఏసీ చలికి అక్క కొంగు భుజాల చుట్టూ లాక్కుని, ఎత్తు కుర్చీ ఎక్కి కూర్చుంది. తెర మీద ముక్కలు పడగానే ముందుకు వంగింది. ఆ వంగడం నేను చాప మీద చూసిందే. పనైపోయింది, అక్క ఆటలోకి వచ్చేసింది అనుకున్నాను.

రెండు రాజులు, ఆఠీను ఏడు, ఆఠీను ఎనిమిది, ఇంకేదో పనికిరాని ముక్క పడ్డాయి. అక్క ఏడూ ఎనిమిదీ ఉంచుకుని రాజులను పారేసింది.

“అక్కా! రాజుల జత పారేస్తానవేంది?”

“ముందుగాల లైఫ్ కావాలె గదరా. వరస లేకుంట జతలు పెట్టుకొని ఏం జేస్కుంటం?”

“ఇది రమ్మీ కాదు. దీనికి జతలే ముద్దు.”

“గట్లనా. మరి ముందుగాల చెప్పకపోతివి.”

తర్వాతి చేతిలో ఒంటరిగా ఒక ఆరు ఉంది. దేనికీ కలవదు. అక్క దాన్ని పారేయకుండా పట్టుకుని కూర్చుంది. నా వైపు ఒకసారి ఓరగా చూసింది.

“ఆ ఆరెందుకు, పారెయ్యి” అన్నాను.

“ఇడిస్తే పక్కోడు ఎత్తుకుంటడు.”

“పక్కోన్ని నేనే. నాకు రాదు, నా మిషన్ వేరే.”

“మరి ఏడికి పోతది?”

“ఏడికీ పోదు. లోపల్నే మాయమైతది.”

“ఎవ్వలికీ పనికి రాకుంట?”

“ఎవ్వలికీ.”

అక్క బటన్ మీద నుంచి చెయ్యి తీసేసింది. “నేనేం ఇడిశిన్నో జూసెటోడు లేడు, తిట్టెటోడు లేడు. నీళ్ల మోటరు ఆన్ జేసుడు, ఆఫ్ జేసుడు లెక్క ఉన్నది. ఇది ఆటనారా? లే, పోదాం.”

ఆమె కుర్చీ దిగింది. నేను వెంటనే లేవలేకపోయాను. ఆమె వదిలిన మిషన్ మళ్లీ రమ్మని పాట పాడుతోంది. మొదటిసారి ఒక్కడినే వచ్చి ఆడినప్పుడు నేనూ అదే పని చేశాను. ముక్క పారేసిన ప్రతిసారీ పక్కకు చూశాను, ఎవరైనా ఎత్తుకుంటారేమోనని. అది మిషన్ తప్పు అనుకోలేదు. ఒక్కడినే వచ్చాను కదా, రేపు అక్క పక్కనుంటే సరిపోతుంది అనుకున్నాను.

సముద్రం చూశాం. అక్క పాదాలు తడుపుకుని, ఇసుక చీరకంతా అంటిందని నన్ను తిట్టింది. మర్నాడు తిరుగు రైలెక్కాం. నడక మిత్రులకు చెప్పడానికి నేను మనసులో కథ అల్లుకుంటున్నాను. అక్క మొదటి చేతికే ఫుల్ హౌస్ కొట్టిందనీ, హాలంతా చప్పట్లు కొట్టిందనీ. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క ఉన్నట్టుండి చెయ్యి చాపింది.

“తియ్యి.”

“ఏంది?”

“పత్తాలు. నీ సంచిల లేకుంట నువ్వు రైలెక్కినవా ఎన్నడన్న?”

తీశాను. బెర్తు మీద ఎదురెదురుగా కాళ్లు ముడుచుకుని కూర్చున్నాం, మధ్యలో తువ్వాల పరిచి. అక్క ముక్కలు కలిపి పంచింది. దగ్గరగా మూసుకుని, బొటనవేలితో కొసలు జరిపి చూసుకుంది. కిటికీలోంచి వచ్చే గాలికి ముక్కలు ఎగరకుండా నేను తువ్వాల అంచు మోకాలితో నొక్కిపెట్టాను. ఈ ఒక్క బాజీ అయిపోకుండా ఉంటే చాలనుకున్నాను.

నేను వేసిన ఆఠీను ఆరు ఆమె ఎత్తుకుంది. అంటే అయిదు ఉంది, ఏడు కావాలి. ఏడు నా చేతిలో ఉంది. దాని పక్కన నాకు ఎనిమిదీ తొమ్మిదీ ఉన్నాయి, ఆ మూడు ముక్కల వరసే నా లైఫ్, అది లేకుండా షో లేదు. ఏమీ ఎరగనట్టు ఏడు తీసి తువ్వాల మీద వేశాను.

అక్క దాన్ని ముట్టుకోలేదు.

“ఇదెందుకేసినవ్?”

“నాకు అక్కర లేదు.”

“ఇందాక నేను ఎనిమిదేస్తే లటుక్కున ఎత్తుకున్నవ్. ఏడు అక్కర లేదా?”

దొరికిపోయాను. నవ్వాను. “నీ మరదలికి గూడ ఇట్లనే ఏసేటోన్ని. అన్నేండ్లల్ల ఒక్కనాడన్న పట్టుకున్నదా? తనే గెలిశిన్ననుకొని ఎంత మురిసేది!”

“మురిసింది నువ్వురా, అది కాదు” అంది అక్క. “కూసున్న రెండో నాడే పట్టుకున్నది. ‘వదినా, ఈయన నన్ను ఆడనిస్తలేడు’ అని నాతోని ఎన్నిమాట్ల మొత్తుకున్నదో. నీ మొఖం జూసి, పోనీలే అని ఎత్తుకునేది. నువ్వు డ్యూటీకి పోయినంక మేమిద్దరం మళ్ల కూసునేటోళ్లం. గప్పుడు జూడాలె దాని ఆట. నన్ను ఒక్కనాడు గెలువనియ్యలే. నువ్వు గెలిపిచ్చినవా దాన్ని? దాని ఆట ఖరాబు జేసినవ్. ఎత్తుకో ఆ ఏడు, సరిగ్గ ఎయ్యి.”