గాలి కాదు, గాబరా

పోయినవారం మా ఆశమ్మ చనిపోయింది. ఆశా కార్యకర్తను మా రాయికల్ వైపు అట్లాగే పిలుస్తారు. పొద్దున చంటిపిల్లలకు టీకాలు వేయించి వచ్చి, ఛాతీలో నొప్పి అని పడుకుని మళ్లీ లేవలేదట. నాకిప్పుడు ఏడో నెల. కబురు వినగానే ఏడుపుకంటే ముందు భయం వచ్చింది. ఈసారి నన్నెవరు చూస్తారు?

మొదటి కాన్పప్పుడు నా భర్త దుబాయిలో ఉన్నాడు. పాప పుట్టిన పదిహేనో రోజు నుంచి నాకు ఏడుపు వినిపించేది. పాప నా ఒళ్లోనే నిద్రపోతుండేది. ఏడుపు మాత్రం ఖాళీ తొట్టెలలోంచి, పాప గుడ్డ ఊయలలోంచి వచ్చేది. వెళ్లి చూస్తే అది మెల్లగా ఊగుతుండేది. తిరిగొచ్చి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. మళ్లీ చూసేదాన్ని. నా చేతులే పాపను బావిలో వదిలేస్తాయేమోనని వాటిని కొంగులో చుట్టుకుని దూరంగా కూర్చునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు.

"దీనికి గాలి సోకింది" అని మా అత్తమ్మ తాయెత్తు కట్టింది. అది వదిలేదాకా కొన్నాళ్లు కొండగట్టు గుడి దగ్గర ఉంచుదామని సంచీ కూడా సర్దింది.

పాప బరువు చూడటానికి వచ్చిన ఆశమ్మ ముందు నా చేతుల్ని చూసింది. "ఎందుకట్ల సుట్టుకున్నవ్ బిడ్డా?" అంది. అంతా చెప్పేశాను. ఆమె బెదరలేదు.

"గాలి గాదు, గాబరా. నా పెద్దకొడుకు పుట్టినప్పుడు నాకూ గిట్లనే ఉండె. ఎవ్వలకు చెప్పక సచ్చి బతికిన."

అత్తమ్మతో, "కొండగట్టు ఏడికి పోదు. ముందుగాల జగిత్యాల డాక్టరమ్మకు సూపెడదాం. నీ తొట్టెల కాడ దయ్యముంటె దానికి గూడ టీకా ఏపిస్త" అంది.

బస్సులో నా పక్కనే కూర్చుంది. డాక్టరమ్మ పాలిచ్చే తల్లులు వాడే మందు రాసింది, వారంవారం కూర్చోబెట్టి మాట్లాడింది. నన్ను నిద్రపోనివ్వాలని, ఒంటరిగా వదలొద్దని అత్తమ్మకు చెప్పింది. మొండి మనిషే అయినా అత్తమ్మ విన్నది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఆశమ్మ గేటు దగ్గర నుంచే అడిగేది: "ఇయ్యాల ఏమన్న ఇనవడ్డదా, బిడ్డా?" దాచుకుంటే పెద్దదవుతుందని, పక్కనున్న మనిషికి వెంటనే చెప్పాలని అనేది. నెలలు పట్టింది. ఒకరోజు "ఏం లేదు" అన్నాను. ఆ రోజు అడిగి మరీ చాయ్ తాగింది. నా బిడ్డను నేనే పెంచుకున్నానంటే అది ఆమె చలవే.

నిన్న మధ్యాహ్నం ఆకు కూడా కదల్లేదు. అత్తమ్మ బీడీలు చుడుతోంది. పుట్టబోయే బిడ్డ కోసం ఉతికి కట్టిన తొట్టెల మెల్లగా ఊగడం మొదలుపెట్టింది. గేటు దగ్గర నుంచి వినిపించింది.

"ఇయ్యాల ఏమన్న ఇనవడ్డదా, బిడ్డా?"

అక్కడెవరూ లేరు. నా చేతులు కొంగులోకి పోబోయాయి. ఆపుకుని గట్టిగా చెప్పాను.

"అత్తమ్మా, నాకు ఇనవడ్డది. రేపు జగిత్యాల పోదాం."

అత్తమ్మ కత్తెర చాటలో పెట్టింది. గేటు వైపే చూస్తూ, "పోదాం బిడ్డా" అంది. "నాకు గూడ ఇనవడ్డది."