జర్మనీవాని పిడికెడు

పచ్చి చెనిక్కాయలు ఉడికే వాసన వస్తే ఇప్పటికీ నాకు మా నాయనే గుర్తొస్తాడు.

పెద్ద యుద్ధానికి సిపాయిగా పోయి, కుంటుకుంటూ తిరిగొచ్చిన మనిషి ఆయన. నా చిన్నప్పుడు ఒక సాయంత్రం ఉడికిన కాయలను అరుగు మీద కుప్పలు పోసి, ఆ యుద్ధం ఎట్లా వచ్చిందో నాకు చెప్పాడు.

"ఈ కుప్ప ఆస్ట్రియా. జర్మనీవాడు మింగినాడు, ఎవురూ అడ్డం పోలేదు. మళ్ళా చెక్ దేశంలో ఒక పక్క కావాలన్నాడు. ఇంగ్లీషు దొర, ఫ్రెంచి దొర కూసోని, ఇదిస్తే ఊరకుంటాడులే అని ఇచ్చేసినారు."

అంటూ నా కుప్పలోంచి పిడికెడు తీశాడు.

"అది నాది నాయనా! నన్నడక్కుండా ఎట్లిస్తావు?"

"ఆ దేశపోళ్ళనూ ఎవురూ అడగలేదు పాపా. వాడు మిగిలిందీ మింగి, పోలండు మీద పడినాడు. అప్పుడొచ్చె యుద్ధం."

నాకు అర్థమైంది ఒకటే. వాడికి కడుపు నిండకపోతే మళ్ళీ యుద్ధం వస్తుంది, నాయనను మళ్ళీ తీసుకుపోతారు. అందుకే కాయలు ఉడికిన ప్రతిసారీ నా వాటాలో పిడికెడు గడప పక్కన పెట్టి పడుకునేదాన్ని. తెల్లారేసరికి తొక్కలే ఉండేవి. జర్మనీవాడు తినిపోయాడని నిశ్చింతగా ఉండేదాన్ని.

ఒకనాడు తెల్లారి లేచి చూస్తే, నాయన గడప మీద కూర్చొని ఆ కాయలు ఒలుచుకుంటున్నాడు.

"తినద్దు నాయనా! అవి జర్మనీవానికి. నిన్ను తీస్కపోకుండా పెట్టినా."

నాయన నన్ను దగ్గరికి లాక్కున్నాడు.

"వాడు పెట్టేకొద్దీ అడిగే రకం పాపా. వానికొద్దు. నాకే పెట్టు."

నాయన పోయాక కూడా నేను ఆ పిడికెడు మానలేదు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ, ఎవరికని అడక్కుండానే, తెల్లారేసరికి తొక్కలు మిగిల్చేవాడు.

ఇప్పుడు పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి.