మస్తాన్ చదరంగం అట్ట ఎందుకు తిరగేశాడు?

నరసరావుపేట దోస్తులూ, పోయిన ఏనుగు బదులు స్పార్క్ ప్లగ్ నిలబెట్టి చదరంగం ఆడేవాళ్లం, గుర్తుందా?

ఇవాళ ఇంటి కంప్యూటర్లో ఆటను విశ్లేషించే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. ఖరీదైనవి మనకెందుకని ఉచితంగా దొరికేదే ఎంచుకున్నాను. పక్కనే ఒక పట్టీ ఉంటుంది, ఎవరిది పైచేయి అయితే వాళ్ల రంగు పెరుగుతుంది. తెరమీద ఏనుగును చూడగానే మన మస్తాన్ వాళ్ల నాన్న మెకానిక్ షెడ్డు గుర్తొచ్చి, అక్కడి పెట్రోలు వాసన గుప్పుమంది!

వెంటనే మా పాత గొడవ ఆటను పేర్చాను. ఆ రోజు మస్తాన్ చెక్ చెప్పగానే నా రాజును గుర్రంలా దూకించాను. మన పేట రూలు ప్రకారం రాజు ఒక్కసారి అలా దూకొచ్చు కదా! "చెక్ పడ్డాక దూకకూడదురా!" అంటూ వాడు అట్ట తిరగేశాడు.

కంప్యూటర్ అసలు ఆ దూకడాన్నే ఒప్పుకోలేదు. ఎన్నిసార్లు దూకించినా రాజు మళ్లీ తన గడిలోకే వచ్చి కూర్చున్నాడు. కానీ మంత్రిని అడ్డం వేస్తే గెలుపు నాదేనట! పట్టీ నిండా నా తెలుపే!

ఆగలేక మస్తాన్‌కి ఫోన్ చేసి ఆ మంత్రి ఎత్తు చెప్పాను. వాడు పగలబడి నవ్వాడు.

"ఏందిరా, ఇప్పుడా కనపడేది? ఆ ఎత్తు నాకు అప్పుడే కనపడింది. నువ్వు యాడ చూస్తావో అనే గదా అట్ట తిరగేసింది!"