మెడ దగ్గర నొక్కు

ఆ ఆసుపత్రి ల్యాబులో ముప్ఫై ఏళ్ళుగా ఆవిడను అందరూ డేగకళ్ళ అక్క అనే పిలుస్తారు. భర్త పోయాక కూతుర్ని మైక్రోస్కోపు ముందు కూర్చునే పెంచి పెద్దచేసింది. రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది. ఎవరైనా పొగిడితే "కళ్ళదేముందమ్మా, ఓపికుండాలి" అని కొట్టిపారేసేది గానీ, ఆ పేరంటే ఆవిడకు ప్రాణం. పొగడ్త ఎవరికి చేదు?

ఆ ఉదయం అయిదో వార్డు బాలింత రక్తంలో ఈస్టు అనే బూజుజాతి క్రిమి దొరికింది. అక్క దాన్ని సీరంలో కలిపి, ఒంటి వేడిలో ఉంచి, గడియారం చూసుకుంది. ఆ వెచ్చదనానికి గుండ్రటి కణం ఒక వైపును ఎంచుకుని, సాఫీగా మొలక సాచిందంటే సాధారణంగా మామూలు మందుకే లొంగుతుంది. కణాన్ని అంటుకున్న చోట, మెడ దగ్గర నొక్కుందంటే మాత్రం అది మొలక కాదు, తల్లిని వదలని పిల్లకణం. అప్పుడా మందును నమ్మడానికి లేదు. మూడు గంటలు దాటితే వేరే జాతులూ మొలకలేసి మోసం చేస్తాయి, ఆలోపే చూడాలి. తప్పు మందుతో రెండు రోజులు పోతే బాలింత దక్కదు.

రెండుంబావు గంటలు గడిచేసరికే డాక్టరు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"జ్వరం దిగట్లేదక్కా. ఏ మందు మొదలుపెట్టమంటారు?"

"నిదానమే ప్రధానం బాబూ."

"ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారు."

ఇంకో అరగంటకు అక్క స్లైడు పెట్టింది. కణాల పక్కన పొడుగ్గా ఏవో సాగి ఉన్నాయి. మెడలు మాత్రం మసక. మైక్రోస్కోపు మర ఎటు తిప్పినా అదే మసక. పొడుగుంటే మొలకేనని రాసేయడం ఆవిడకు ఈమధ్య అలవాటైంది. ఇంతవరకూ ఎవరూ తప్పు పట్టలేదు. కలం కాగితం మీద ఆనించింది. మళ్ళీ ఎత్తేసింది. భయమేసింది ఆవిడకు, ఉద్యోగం గురించీ, ఆ బాలింత గురించీ.

పక్క బల్ల దగ్గర కొత్తగా చేరిన టెక్నీషియన్ ఉంది. ప్రతిదీ పదిసార్లు చూస్తుందని అక్కే ఆ అమ్మాయికి నత్తమ్మ అని పేరు పెట్టింది.

"నత్తమ్మా, ఇటు రా. మెడలు చూడు."

"మీరు చూశారు కదక్కా?"

"చూడమన్నానా."

మూడు గంటలు నిండడానికి ఇంకా ఏడు నిమిషాలుంది. నత్తమ్మ తన తీరులోనే చూసింది. డాక్టరు గడియారం వంక చూస్తూ పెదవి కొరుక్కున్నాడు.

"అన్నిటికీ నొక్కుందక్కా. ఇవి మొలకలు కావు."

డాక్టరు వార్డుకు ఫోన్ చేసి మామూలుది వద్దని, రెండో మందు మొదలుపెట్టమన్నాడు. అప్పుడు అక్క వైపు తిరిగాడు. "మీకేం కనపడింది?"

"మొలకలని రాయబోయాను. కళ్ళకు పొర వచ్చింది బాబూ. మెడలు కనపడట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"ఆర్నెల్లు."

డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. అక్క లేచి, అలమరలోంచి ఆర్నెల్ల రిపోర్టు పుస్తకాలు తెచ్చి నత్తమ్మ ముందు పెట్టింది.

"నేను మొలకలని రాసినవాళ్ళ పేర్లు పైకి చదువు తల్లీ," అంది. "ఎవరెవరు ఇంటికెళ్ళారో తెలియాలి."