తుడిచిన కొళాయి మూతి

ఇన్నేళ్లుగా ఈ మాట బయటివాళ్లెవరికీ చెప్పలేదు. ఇవాళ మీకు చెప్పేస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే నయం.

మాది జగ్గయ్యపేట. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పడుతుందని మా ఇంట్లో కొళాయి మూతి తుడవకుండా ఎవరూ బిందె పెట్టరు. ఆ అలవాటుతోనే హైదరాబాదులో ఒక ల్యాబులో చేరాను. అంతరిక్ష నౌకలో మనుషులు తాగే నీళ్లలో సూక్ష్మజీవులు పెరగకుండా చూడటం మా పని. నీళ్లలో లేశమంత వెండి కలుపుతాం. నౌకకు పెట్టబోయే కొళాయి నుంచి మొదటి ధార పట్టి పరీక్షిస్తాం. మూతిని మాత్రం ముట్టుకోకూడదు. అంతరిక్షంలో ఉన్నవాళ్లు తుడుచుకుని తాగరు కదా!

నేను తుడిచాను, స్పిరిట్ దూదితో లోపలిదాకా. మొదటిసారి చెయ్యి దానంతటదే వెళ్లింది. మరి ఆ తర్వాత? తెలిసే తుడుస్తూ వచ్చాను. నేను పట్టిన నీళ్లు ఎప్పుడూ శుభ్రమే. నాతోపాటు అదే పని చేసే, నందిగామ నుంచి వచ్చిన సువార్తక్క రూలు ప్రకారం పట్టిన నీళ్లలో మాత్రం సూక్ష్మజీవులు కనిపించాయి. అందరినీ పిలిచిన మీటింగులో అది అక్క చేతుల మురికే అన్నారు. ఉద్యోగంలోంచి తీసేశారు. తేడా నా దూదిలో ఉందని నాకు అక్కడే తట్టింది. అయినా అందరూ నన్ను మెచ్చుకుంటున్న ఆ గదిలో, ఇప్పుడు చెబితే నా గతేమిటని ఆలోచిస్తూ నోరు మూసుకున్నాను. భయమా? కాదు. ఆ మెప్పు తియ్యగా ఉంది.

ఆ కొళాయినే నౌకకు ఖాయం చేస్తున్నారని తెలిశాక ఆగలేకపోయాను. పై అధికారి ముందు అంతా కక్కేశాను. తుడవకుండా మళ్లీ పరీక్షించారు. అక్క చూసినవే! మూతి లోపలి రబ్బరు రింగుకు సూక్ష్మజీవుల జిగురు పట్టింది. వాడని వేళల్లో అక్కడ నీళ్లు నిలిచి, వాటిలోని వెండి తరిగిపోతోంది. రింగు మార్చారు, చుక్క నిలవకుండా మూతిని మలిచారు. ఎన్నాళ్లు వదిలేసి తిప్పినా మొదటి ధార స్వచ్ఛం. గెలిచాం! నన్ను ఆ పని నుంచి తప్పించారు. అయినా ల్యాబు బయట చిన్నపిల్లలా గంతులేశాను.

తర్వాత నందిగామ వెళ్లాను. అక్క ఇప్పుడు బడిలో సైన్సు చెబుతోంది. గుమ్మంలోనే చెప్పేశాను.

"అక్కా, నీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి. కొళాయి తుడిచి పట్టింది నేను."

అక్క తన చేతుల వైపు చూసుకుంది.

"నా చేతుల మురికేనని నేనూ నమ్మేశానే. ఇప్పటికీ అన్నం కలిపే ముందు రెండుసార్లు కడుక్కుంటున్నా."

"తప్పయిపోయిందక్కా."

"అది తర్వాత. నీళ్లు బాగయ్యాయా?"

"అయ్యాయక్కా! రిపోర్టులో మొదటి పేరు నీదే."

అప్పుడు నవ్వింది. ఆ నవ్వు ఇల్లంతా వినిపించింది. క్షమించానని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు. భోజనానికి కూర్చోమంది. ఒక్కసారే చెయ్యి కడుక్కుని అన్నం కలిపింది.