పొగ లేని పొయ్యి, పొగ కావలసిన చేపలు

మా అత్తకు దగ్గు ముదిరిన ఏడాదే మా ఇంట్లో పొయ్యి గురించి యుద్ధం మొదలైంది. ఆస్టినాబాద్‌లో మా ఇంటి వెనక, రేకుల నీడలో, మట్టి మెత్తిన కట్టెల పొయ్యి ఒకటి ఉండేది. వంటింట్లో గ్యాసు లేక కాదు. నేను ఆఫీసుకు పరిగెత్తే హడావిడిలో టీ, అన్నం అన్నీ గ్యాసు మీదే. చేపల పులుసు మాత్రం అత్త వెనక్కి వెళ్లి కట్టెల మీదే పెట్టేది. పైగా ఇది దీవి, సిలిండరు కూడా ఓడెక్కి రావాలి. సముద్రం బాగోక ఓడ ఆలస్యమైన వారంలో, చుట్టుపక్కల వాళ్లు గిన్నెలు పట్టుకుని మా పెరట్లోకి వచ్చేవారు. అప్పుడు చూడాలి అత్త ముఖం, కొడుక్కి ఉద్యోగం వచ్చిన రోజున కూడా అంత వెలగలేదు.

పొమ్మనలేక పొగబెట్టడం అంటారు. మా అత్త పొగబెడితే పక్కింటి దీదీతో సహా అందరం పోయేవాళ్లం, ఆవిడ మాత్రం పీట మీంచి కదిలేది కాదు. కళ్లు తుడుచుకుంటూ, గొట్టంతో ఊదుతూ, దగ్గుతూ అలాగే కూర్చునేది. ఆ దగ్గు మొదట్లో వానలప్పుడే వచ్చేది. తర్వాత ఏడాదంతా ఉండిపోయింది. మా వీధి ఎత్తు మీద ఉంటుంది. కిందకి చేపలకు వెళ్లి మళ్లీ ఎక్కేటప్పుడు రెండుచోట్ల నిలబడిపోయేది. ఆస్పత్రిలో డాక్టరు ఛాతీ పరీక్షించి, పొగ మానకపోతే ఏ మందూ పనిచెయ్యదని, ఇక గ్యాసు మీదే వండుకోమని చెప్పాడు.

“అచ్ఛా డాక్టర్ సాబ్,” అని ఆయన ముందు బుద్ధిగా తలూపిన మనిషి, బయటికి రాగానే, “ఓడ రాపోతే ఆ డాక్టరొచ్చి వొండుతాడేటి?” అంది.

మా ఆయన పొయ్యి పగలగొట్టేస్తానన్నాడు. ఆ రోజు అత్త అన్నం ముట్టలేదు. నాకు నిజంగా భయం వేసింది. వండనిస్తే ఆవిడ ఊపిరి పోతుంది, వండొద్దంటే ప్రాణం పోతుంది. శ్రీకాకుళం వైపు నుంచి కొత్తకోడలిగా ఓడ దిగిన నాటి నుంచి, ఈ దీవిలో ఆవిడ తనది అనుకున్నది ఆ పొయ్యి ఒక్కటే. నేను పెళ్లయి వచ్చినప్పుడు కూడా నాతో నాలుగు మాటలు మాట్లాడకముందే పులుసు వడ్డించింది. ఆవిడంటే నాకు చాలా ఇష్టం. నోరు తెరిచి ఎప్పుడూ చెప్పలేదు, అది వేరే సంగతి.

పొయ్యి పోనక్కర్లేదు, పొగ పోతే చాలు కదా అని ఒకరోజు నాకు తట్టింది. పొగ తక్కువ వచ్చే కొత్తరకం కట్టెల పొయ్యిలు ఉన్నాయని ఫోన్లో చూశాను. నాకేదైనా తలకెక్కితే ఓ పట్టాన దిగదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. డెలానీపూర్‌లో మా ఆఫీసులో భోజనం వేళ మిగతావాళ్లంతా కబుర్లు చెప్పుకుంటుంటే నేను పొయ్యిల వీడియోలు చూస్తూ కూర్చునేదాన్ని. గాలి కింద నుంచి ఎలా అందాలి, పైకి లేచిన పొగ మళ్లీ ఆ మంటలోనే ఎలా కాలిపోతుంది అని ఇంటికొచ్చి మా ఆయనకు పాఠం చెప్పేదాన్ని. ఆయన ఊఁ కొడుతూ క్రికెట్టు చూసేవాడు.

షాదీపూర్‌లో వెల్డింగు షాపు నడిపే ఒక భయ్యా అలాంటి పొయ్యిలు తెప్పించి అమ్ముతున్నాడని తెలిసింది. ఆదివారం పొద్దున్నే అత్తను బయలుదేరమన్నాను. ఆవిడ బయలుదేరిన తీరు చూడాలి. ఒక చేతిలో సంచి. అందులో మట్టి దాక, నానబెట్టిన చింతపండు, కోసి కడిగిన కానాగంత చేపలు, ఉప్పూ కారం పొట్లాలు. రెండో చేతిలో తాడుతో కట్టిన కట్టెల మోపు. వడ్రంగి దుకాణం ముక్కలు, కొబ్బరి మట్టలు, సగం తడివే.

“అత్తా, మనం వెళ్లేది పొయ్యి కొనడానికి,” అన్నాను.

“సీర కొన్నా బుజం మీదేసి సూసుకుంతాం. పొయ్యి కొండానికి ఎల్తా సేపల్లేకుండా ఎలాగెల్తామే?”

ఆటోలో దాకను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను సిగ్గుతో బయటికి చూస్తూ కూర్చున్నాను.

భయ్యా మర్యాదస్తుడు. ఒక పొయ్యి వెలిగించి అత్తతో, “మాఁజీ, పానీ మరిగించి చూపిస్తా, దో మినట్,” అన్నాడు.

“నీల్లదేటుంది బాబూ. నాకు పులుసు మరగాల,” అంటూ అత్త అక్కడే ఒక ఇనుప పెట్టె మీద కూర్చుని సంచి విప్పింది.

మొదటిదానికి చిన్న ఫ్యాను ఉంది. మంట నీలంగా, ముచ్చటగా ఉంది. నాకు అదే నచ్చింది, వీడియోల్లో అందరూ మెచ్చుకున్నదీ అదే. కానీ దానికి బ్యాటరీ చార్జింగు పెట్టాలి, కట్టెను వేలంత ముక్కలుగా నరకాలి. “కరెంటు పోయినా, నా సెయ్యి నొప్పెట్టినా కూడు లేదన్నమాట,” అని అత్త దాన్ని పక్కకు నెట్టింది. రెండోది పొడుగ్గా, సన్నగా ఉంది. దాక దాని మీద ఊగింది. ఊగడమే కాదు, మంటంతా ఒక్కచోటే తగిలి దాక అడుగు టప్పున పగిలేలా ఉందని అత్త చప్పుడు విని చెప్పింది. ఆవిడ చెవి పెట్టి దాకను వినడం నేను అంతకు ముందు ఎప్పుడూ గమనించలేదు.

మూడోది పొట్టిది, లోపల మట్టి పూత, అడుగున గాలి వెళ్లడానికి ఇనుప జాలీ, పైన వెడల్పు అంచు. మట్టలు పెట్టి వెలిగించినప్పుడు కాస్త పొగ వచ్చింది, అత్త ఒకసారి దగ్గింది. జాలీ కాలాక పొగ తగ్గిపోయింది. తడి ముక్కలను మంట అంచున ఆరబెడుతూ ఒక్కొక్కటే లోపలికి జరపడం ఆవిడకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. పులుసు కుతకుతలాడింది. నేను పొయ్యిని చూడటం మానేసి అత్త ఛాతీనే చూస్తున్నాను. చింతపండు పోసింది, చేప ముక్కలు జార్చింది, మూత పెట్టింది. దగ్గలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దానికి పొగ కారణమని చెప్పుకునే వీలు కూడా లేకుండా పోయింది.

షాపులో పనివాళ్లు టిఫిన్ డబ్బాల్లోంచి రొట్టెలు తీసి పులుసులో ముంచుకుని తిన్నారు. “మాఁజీ, రోజూ ఒక పొయ్యి కొనడానికి రండి,” అన్నాడు భయ్యా.

మూడోదాన్ని ఇంటికి తెచ్చుకున్నాక, పాత పొయ్యిని నా చేతులతోనే పగలగొట్టాను. దాని మీద దండేనికి వేలాడే ఎండుచేపల దండలను మాత్రం అలాగే కొత్త పొయ్యి పైన వేలాడదీశాను. కొత్త ఒక వింత కదా, వీధి వీధంతా వచ్చి చూసింది. నెల తిరిగేసరికి అత్త ఎత్తు ఎక్కేటప్పుడు ఒక్కచోటే ఆగేది. నేను ఆఫీసులో అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ పొయ్యి గొప్పలు చెప్పాను.

అంతలో వానలు దిగాయి. ఒకరోజు అత్త దండేనికి చెయ్యి పెడితే చేపలన్నీ తెల్లటి బూజు. వానాకాలానికని దాచుకున్నవన్నీ పాడైపోయాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు వాన పడే ఈ దీవిలో ఎండుచేపను కాపాడింది ఎండ కాదు, పొగ. ఆ పొగను నేనే తీసిపారేశాను. అన్ని వీడియోలు చూశాను గానీ, పొయ్యి మీద చేపలు వేలాడతాయని ఒక్కరూ చెప్పలేదు. ఇంట్లో రోజూ తల తగిలించుకునే దండేన్ని చూసి నాకైనా తోచలేదు.

మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి పెరటి నిండా పొగ. మూడు రాళ్లు పేర్చి, తడి కొబ్బరి పీచు రాజేసి, పైన కొత్త చేపలు కట్టి, కింద పీట మీద కూర్చుని అత్త దగ్గుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. మొదటిసారి ఆవిడ మీద గొంతు పెంచాను.

“చేపల కోసం చస్తావా అత్తా?”

“ఎండుసేప లేపోతే వానాకాలం ఎలా గడుత్తాదే?”

“చేపలకు పొగ పెట్టు, ఎవరొద్దన్నారు? నువ్వెందుకు కూర్చోవడం? వాటికి కాపలా కావాలా?”

ఇద్దరం ఒక్కసారే పీట వైపు చూశాం. వంట అక్కడ కాబట్టి ఆవిడ ఇన్నేళ్లూ అక్కడ కూర్చుంది. ఇప్పుడు వంట కొత్త పొయ్యి మీద, పొగ ఈ రాళ్ల మధ్య. అత్త ముక్కు తుడుచుకుని, “నిజమేనే,” అంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, దగ్గుతూనే.

భయ్యా దగ్గర పాత ఇనుప డ్రమ్ముకు కన్నాలు పొడిపించి, లోపల ఊచలు, పైన మూత పెట్టించాం. పెరటి చివర, గాలి బయటికి పోయే వైపు నిలబెట్టాం. అడుగున తడి పీచు రాజేసి, మూత వేసి, లోపలికి వచ్చేయడమే. వానల్లో కూడా చేపలు గలగలలాడుతూ ఉన్నాయి.

నిన్నటి ఆదివారం డ్రమ్ము వంతు నాకు వచ్చింది. ఫోన్ మాట్లాడుతూ తడి పీచుకు బదులు ఎండు మట్టలు కూరేశాను. కాసేపటికి మూత సందుల్లోంచి మంట లేచింది. చేపలు బొగ్గులయ్యాయి. అత్త కొత్త పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చింది.

“ఒలే, పీచు తడిపి ఎట్టాలని ఎన్నిపాల్లు సెప్పినానే, పొగెట్టమంటే మంటెట్టీసినావు, అంత సదువు సదివి ఆపీసులెలగబెడతావు, ఓ పీచు తడపడం రాదేటే, మీయమ్మ నేర్పలేదు, నాను నేర్పితే ఇనవు, సెవికి ఆ ఫోనొకటి తగిలించుకుంతావు, నాలుగు దండల సేపలే, పొద్దున్నే దిగువకెల్లి నాను మోసుకొచ్చినాను, ఎక్కడా ఆగకుండా ఎక్కొచ్చినాను, బుగ్గి సేసి పారేసినావు…”

తిట్టు ఇంకా సాగుతూనే ఉంది. నేను తల వంచుకుని, కదలకుండా, ఒక్క మాట కూడా పోనివ్వకుండా వింటున్నాను. మధ్యలో ఎక్కడా దగ్గు రాలేదు. ఇంకేం పాడుచేస్తే ఇంకాసేపు తిడుతుందా అని చుట్టూ చూశాను.