ఏడో గుంత ఎదుట ఆగిన భూమిపూజ

పద్మా, పోయిన నెల మన సంఘం వెబ్ పేజీలో నువ్వు టూవూంబా గురించి రాసింది చదివాను. కొండ అంచున ఉన్న పార్కు, చలికి వణుకుతూ తాగిన కాఫీ, అన్నీ బాగున్నాయి. ఒక్క వాక్యం మాత్రం తప్పు. మీ ఊరికి పడమట కొత్తగా వచ్చిన గోల్ఫ్ కోర్సును చూసి ‘ఎవరికీ నష్టం లేని పచ్చదనం, మన వరిచేలు గుర్తొచ్చాయి’ అన్నావు. వరిచేను అన్నం పెడుతుంది తల్లీ. ఆ గడ్డి ఆవుకు కూడా తిండి పెట్టదు. ఇక ఎవరికీ నష్టం లేదన్న సంగతి నువ్వు ఎవరిని అడిగి రాశావో నాకు తెలియదు. నేను అడిగి వచ్చాను. నీతోపాటు ఆ దారిన వెళ్ళాలనుకునే మిగతావాళ్ళకు కూడా పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నాను.

ఈ ప్రయాణానికి మూలం మా చెల్లెలి కొడుకు శీను. బ్రిస్బేన్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్లలో సంవత్సరానికి రెండంకెలు తీసి నాలుగంకెలు పెట్టే వైటూకే పని రెండేళ్ళు చేశాడు. జనవరి ఒకటిన ప్రపంచం మునిగిపోలేదు గనక వీడికి బోనస్ ఇచ్చారు. చేతిలో డబ్బుంటే మనవాళ్ళకు నిద్రపట్టదు, స్థలం కొనాలి. టూవూంబా అవతల గోల్ఫ్ కోర్సును ఆనుకుని ప్లాట్లు వేస్తున్నారని విని ఒకదానికి బయానా ఇచ్చేశాడు. సోమవారం సంతకాలు. శ్రావణం దాటితే భాద్రపదం, భాద్రపదంలో భూమిపూజ చేయకూడదు. అందుకని ఇంకా తనది కాని భూమికి శనివారమే పూజ జరగాలని పట్టుబట్టాడు. ఆ చుట్టుపక్కల పురోహితుడు దొరకలేదు. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో భూగోళం చెప్పిన పెద్దమ్మకు భూమిపూజ రాకుండా పోతుందా అని వాడి లెక్క. పుస్తకం చూసి మంత్రం చదవగలను, నిజమే. దేవుడు ఇంతవరకూ సర్టిఫికెట్ అడగలేదు.

తెల్లవారకముందే సిడ్నీలో మా టూంగాబీ స్టేషన్లో రైలెక్కాను. సెంట్రల్‌లో దిగి, మొన్న మేలో తెరిచిన ఎయిర్‌పోర్ట్ లైను పట్టుకోవాలి. ఒలింపిక్స్ కోసం ఊరంతా రంగులు పూస్తున్నారు, రైల్లో కూడా తడి పెయింటు వాసనే. టికెట్టు పది డాలర్లు దాటింది. పోటీ పెరిగి చౌక విమానాలు వచ్చాయి కదా, ముందుగా కొనుక్కుంటే బ్రిస్బేన్‌కు ఒకవైపు వంద లోపే అవుతుంది. తిండి పెట్టరు. పులిహోర పట్టుకెళ్ళండి, కాస్త ఎక్కువే పట్టుకెళ్ళండి, ఎందుకంటే పక్క సీటు ఆయన వాసన చూసి ఊరుకోడు. బ్రిస్బేన్ నుంచి శీను కారులో వారెగో హైవే మీద ఇప్స్‌విచ్, గాటన్ దాటి కొండెక్కడానికి రెండు గంటలు చాలు. బస్సు ఉంది గానీ, టూవూంబా చేరాక కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. గాటన్ చుట్టూ క్యాబేజీ, ఉల్లి తోటలు చూసి కళ్ళు చల్లబడ్డాయి. ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు.

“పెద్దమ్మా, ప్లాట్ నంబర్ ఫోర్టీన్. ఈస్ట్ ఫేసింగ్. ఎదురుగా సెవెన్త్ హోల్. ఇంకేం కావల్ల?” అన్నాడు శీను స్టీరింగు మీద వేళ్ళతో దరువు వేస్తూ.

“నువ్వు గోల్ఫ్ ఆడతావారా?”

“యాడ? నాకు బ్యాట్ పట్టుకునేదే రాదు.”

“మరి వాళ్ళ గుంత ఎందుకురా నీకు?”

“వ్యూ పెద్దమ్మా, వ్యూ! రీసేల్ వాల్యూ తెల్సా నీకు?”

ముందు సీట్లో ఉన్న వాడి భార్య రమ్య వెనక్కి తిరిగింది. “ఆయన కొంటాండేది ఉండేదానికి కాదత్తా, అమ్మేదానికి.”

“అమ్మే భూమికి పూజెందుకురా మళ్ళా?”

“సెంటిమెంట్!” అన్నాడు. ఆ ఒక్క మాటతో మనవాళ్ళు దేన్నయినా దాటేస్తారు.

టూవూంబా దాటాక అరగంట దారి. ఆగస్టు అంటే ఇక్కడ చలికాలం, వానల్లేవు, రెండు పక్కలా నేల ఎండి బూడిదరంగులో ఉంది. ఆ బూడిద మధ్యలో ఒక్కసారిగా, బిలియర్డ్స్ బల్ల మీద గుడ్డ పరిచినట్టు, పచ్చటి ముక్క. మధ్యాహ్నం ఎండలో స్ప్రింక్లర్లు గిర్రున తిరుగుతున్నాయి. మా అనంతపురం జిల్లాలో వాటిని వేరుశనగకు పెడతారు, అదీ సబ్సిడీ వస్తే. ఇక్కడ గుంతకు పెట్టారు. గేటు దగ్గర ఏజెంటు గ్లెన్ అనే కుర్రవాడు ఎదురొచ్చాడు. కొత్త గడ్డి వేళ్ళూనే దాకా పగలూ రాత్రీ తడపాలట. ఆ మాట చెప్పేటప్పుడు వాడి మొహంలో పసిబిడ్డకు పాలు పడుతున్నంత వాత్సల్యం.

ప్లాట్లో నాలుగు ఇటుకలు, పసుపు, నవధాన్యాలు సర్దాక చూసుకుంటే నీళ్ళు లేవు. అక్కడి కుళాయికి ఇంకా కనెక్షన్ ఇవ్వలేదు. శీను నా రాగి చెంబు తీసుకుని తిన్నగా స్ప్రింక్లర్ కిందికి నడిచాడు.

“అయ్యయ్యో, ఆ నీళ్ళు వద్దు మిత్రమా!” అంటూ గ్లెన్ పరుగెత్తాడు. “వాటిలో ఎరువూ, కలుపు మందూ కలుస్తాయి. చేతికి తగిలితే కడుక్కోండి.”

“కారులో బిస్లరీ లాంటిది ఉంది, తెస్తా,” అన్నాడు శీను.

“సీసా నీళ్ళు సీసా ఊరివిరా. ఏ నేలకు పూజ చేస్తామో ఆ నేల నీళ్ళే కలశంలో పొయ్యాల,” అన్నాను. మా వైపు పద్ధతి అది. ఊళ్ళోవాళ్ళ బావిలోంచి అడిగి తెచ్చుకోవాలి. కంచె అవతల బోరు నీళ్ళు తోడే గాలిమర ఒకటి, దాని పక్కన రేకుల ఇల్లు కనిపించాయి. చెంబు నేనే పట్టుకుని బయలుదేరాను.

ఆ ఇంటి గేటు మీద ‘దయచేసి మూయండి’ అని చేత్తో రాసి ఉంది. మూశాను. గాలి బాగానే వీస్తోంది గానీ మర తిరగడం లేదు, తాడుతో కట్టేసి ఉంది. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లేసుకున్న ఒక ఆడమనిషి, వయసులో నాకంటే పదేళ్ళు చిన్నదేమో, దూడల తొట్టి కడుగుతోంది. పేరు మారీన్. పూజ సంగతి చెప్పి చెంబు చూపించి నీళ్ళు అడిగాను.

“ఏ నీళ్ళు కావాలి, డియర్?” అంది. “మేం తాగే వాన నీళ్ళా, ట్యాంకరులో కొని ఆవులకు పోసేవా? నేలలో నీళ్ళంటే మాత్రం నా దగ్గర లేవు.”

“గాలిమర ఉంది కదా?”

“అందానికి. ఈ ఎస్టేట్ బొమ్మల పుస్తకంలో దాని ఫోటో కూడా వేశారు. గ్రామీణ సౌందర్యమట.”

“మీ బోరు ఎన్నడుగులు?” అన్నాను. ఆమె నన్ను కొత్తగా చూసింది. చీర కట్టుకున్న ముసలమ్మ ఆ ప్రశ్న అడుగుతుందనుకోలేదు కాబోలు.

“నూట ఎనభై. మామగారు వేయించింది.”

“వాళ్ళది?”

“ఆరువందలు. రెండు వేశారు. మూడోదానికి అనుమతి అడుగుతున్నారు.”

ఇక నాకు ఎవరూ ఏదీ వివరించనక్కర్లేదు. ధర్మవరం అవతల మా నాన్నకు చీనీ తోట ఉండేది. పక్క చేనాయన మాకంటే లోతుగా బోరు వేశాడు. ఆ ఎండాకాలం మా మోటారు గాలి కక్కింది, తర్వాతి ఎండాకాలానికి చెట్లు వంటచెరుకయ్యాయి. భూగోళం పాఠంలో భూగర్భజలం బొమ్మ గీసేటప్పుడల్లా బోర్డు మీద నేను గీసింది ఆ తోటనే. సముద్రాలు దాటి ఇంత దూరం వస్తే, అదే బొమ్మ ఇక్కడ ఎవరో తీరిగ్గా గీసి, పైన పచ్చ రంగు వేశారు.

మారీన్ ఏడవలేదు, తిట్టలేదు. తొట్టి కడుగుతూనే చెప్పింది. పోయిన మార్చి నుంచి బోరు అడుగంటింది. జూలై నుంచి పాల ధర మీద ప్రభుత్వం చేయి తీసేసింది, వచ్చే డబ్బు ట్యాంకరుకే చాలదు. పక్క భూమి విలువ పెరిగిందని ఈమె భూమికి పన్ను పెంచారు. మొదటి విడత ప్లాట్లలో ఇళ్ళు కట్టుకుని దిగినవాళ్ళు పొద్దున్నే ఆవులు అరుస్తున్నాయనీ, పేడ వాసన వస్తోందనీ కౌన్సిల్‌కు ఫిర్యాదులు పెడుతున్నారు. “ఆవులు లేని పల్లెటూరు కావాలి వాళ్ళకి,” అంది. “గురువారం నుంచి హాయిగా నిద్రపోతారులే. మంద మొత్తాన్ని సంతకు పంపుతున్నాను. మా ఆయన పోయాక కూడా నిలబెట్టుకొచ్చిన మంద.”

తర్వాత చెయ్యి తుడుచుకుని నా చెంబు తీసుకుంది. వరండా పక్కన తాము తాగే వాన నీళ్ళ ట్యాంకు మీద వేళ్ళతో తట్టి, ఎంతవరకు ఉన్నాయో చప్పుడును బట్టి చూసుకుని, చెంబు నిండా పట్టి ఇచ్చింది.

“ఏ ప్లాటు మీది?”

చెప్పాను. తల ఊపింది. “మంచి ప్లాటు. పొద్దున్నే ఎండ బాగా వస్తుంది.”

అయిదు నిమిషాల నడక. ఆ చెంబంత బరువైనది నేను జన్మలో మోయలేదు. నేను వెళ్ళేసరికి శీను ధోవతి కట్టుకుని కొబ్బరికాయతో సిద్ధంగా ఉన్నాడు.

“భూమిపూజంటే ఏందిరా?” అన్నాను.

“భూమికి పూజ.”

“కాదు. తవ్వేముందు ఒప్పుకుంటావా తల్లీ అని అడిగేది. నేను అడిగొచ్చినా. ఒప్పుకోలేదు.”

జరిగింది చెప్పాను. రమ్య ఒక్కో ఇటుకా తీసి కారులో పెట్టడం మొదలుపెట్టింది. నా మొహం చూసి ఏదో తేడా వచ్చిందని గ్రహించిన గ్లెన్ దగ్గరికొచ్చాడు. శీను ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పాడు.

“అంతా లైసెన్సు ప్రకారమే మేడమ్,” అన్నాడు గ్లెన్. “మా బోర్లకు అన్ని అనుమతులూ ఉన్నాయి.”

“ఉంటాయి నాయనా. మా నాన్న తోట ఎండింది కూడా అనుమతుల ప్రకారమే,” అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఇంగ్లీషులోనే అన్నాను మరి.

శీనుకు మాత్రం కోపం వచ్చింది. “నేనొక్కన్ని ఎనక్కి పోతే బోరు ఆగుతాదా పెద్దమ్మా? ఆమె ఆవులు మిగుల్తాయా? ఇంకొకడు కొంటాడు. బుద్ధిమంతుడని నాకేమన్నా మెడల్ ఇస్తారా, ఒలింపిక్స్‌లో?”

“ఆగదు. మిగలవు. మెడలూ ఇయ్యరు,” అన్నాను. “ఆమె తాగే నీళ్ళు తెచ్చి, ఆమె నీళ్ళు తాగిన నేల మీద పొయ్యమంటే నాకు చెయ్యి రాదురా. నీకొస్తే నువ్వే పొయ్యి. ఇదో చెంబు.”

వాడు చెంబు వైపు చెయ్యి చాచాడు. పట్టుకోలేదు. కొబ్బరికాయ సంచిలో పడేసి, “కార్ ఎక్కు,” అన్నాడు. నేను ఎక్కలేదు. కంచె దాటి వెళ్ళి ఆ నీళ్ళు మారీన్ దూడల తొట్టిలో పోసి వచ్చాను. ఆమె టీ ఇచ్చింది, తాగుతుండగా వీడు హారన్ మీద హారన్ కొట్టాడు. ఆ కంగారులో చెంబు ఆమె వంటింటి కిటికీలో మరిచిపోయాను. తిరుగు దారిలో మాత్రం గాటన్ దగ్గర వాడు బండి ఆపి నాకు ఇష్టమని చిలగడదుంపలు కొన్నాడు.

సోమవారం శీను సంతకం పెట్టలేదు. దానికి నేనేదో గెలిచానని ఎవరూ చప్పట్లు కొట్టకండి. ఇవాళ, మంగళవారం, అదే ప్లాటు మన తెలుగువాళ్ళే ఇంకొకరు తీసుకున్నారు. ఎవరి దగ్గరో నా నంబరు సంపాదించి ఫోన్ చేశారు కూడా: ఆంటీ, భాద్రపదం రాకముందు భూమిపూజ చేయించగలరా అని. కొండలు, కాలవలు, ఖండాలు దాటి వచ్చాం గానీ, పక్కవాడి బావి ఎండుతుంటే మన గుమ్మం ఏ దిక్కుకుందో చూసుకునే అలవాటు మాత్రం చెక్కుచెదరకుండా తెచ్చుకున్నాం. కరువు ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళం కూడా అంతే. నీళ్ళ విలువ తెలియనివాడు తప్పు చేస్తే క్షమించవచ్చు. తెలిసిన మనం ‘వ్యూ’ అంటున్నాం. ఆటలు ఆడుకోండి, ఎవరు వద్దన్నారు. ఆ ఆట తన దాహానికి ఎవరి తొట్టి ఖాళీ చేస్తోందో చూడకుండా, దాన్ని పచ్చదనం అని పొగడకండి. ఆ వైపు స్థలం చూడబోయేవాళ్ళు ఒక పని చేయండి. ఏజెంటు దగ్గరికి వెళ్ళేముందు కంచె అవతలి ఇంటికి వెళ్ళి, మీ బోరు ఎన్నడుగులు అని అడగండి. మిగతాదంతా వాళ్ళే చెబుతారు.

ఇక పద్మా, నీకొక పని. రేపే, గురువారానికి ముందే, మారీన్ ఇంటికి వెళ్ళి నా చెంబు తీసుకురా. పార్కు ముందునుంచి పడమటి రోడ్డు పట్టుకో, గోల్ఫ్ కోర్సు జెండాలు దాటాక ఎడమ చేతి వైపు రెండో గేటు. ఉత్త చేతులతో వెళ్ళకు. మీ ఇంటి కుళాయి నీళ్ళు రెండు పెద్ద క్యాన్లు నింపి డిక్కీలో పెట్టుకెళ్ళు, ఆమె తాగే నీళ్ళలోంచి ఇచ్చింది. చెంబు చింతపండుతో తోమకు, నేను వచ్చాక తోముకుంటాను. లోపలికి వెళ్ళాక గేటు మూయడం మరిచిపోకు, ఆవులు రోడ్డెక్కుతాయి. పని ఒత్తిడిలో గురువారం దాటిపోయిందనుకో, అప్పుడు మూసినా మూయకపోయినా ఒకటే. అయినా మూసే రా.